సెల్ఫ్ కొట్టే ఆ నాలుగు సెకన్లు: ఎల్ఎం1815 చిప్‌తో రెండేళ్ళు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద జనరేటర్లకు ఆటో స్టార్ట్ ప్యానెళ్ళు చేసి బిగించడం నా పనండి. కరెంటు పోగానే ప్యానెల్ తనంతట తనే సెల్ఫ్ కొట్టాలి. ఇంజను అందుకోగానే సెల్ఫ్ వదిలెయ్యాలి. వోల్టేజీ కుదురుకున్నాక, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల లోడు ఎక్కించాలి. చెప్పుకోవడానికి మూడు ముక్కల పని. కానీ తెల్లవారుజామున రెండు మూడు గంటలప్పుడు, నీళ్ళలో ఆక్సిజన్ అసలే అడుగంటి ఉండే వేళ, నలభై కౌంటుకొచ్చిన, అంటే కిలోకు నలభై తూగే వనామి రొయ్యలు ఉన్న చెరువులో ఏరేటర్లు ఆగాయంటే రైతు చేతిలో ఉండే సమయం బాగా తక్కువ. అందుకే ఈ ప్యానెల్‌లో ఏ భాగం పెడుతున్నామన్నది నాకు చిన్న విషయం కాదు. ఇప్పుడు రాస్తున్నది అందులో ఒకే ఒక్క భాగం గురించి. ఎల్ఎం1815 అనే పద్నాలుగు కాళ్ళ చిప్. రెండేళ్ళలో పదకొండు ప్యానెళ్ళలో పెట్టాను. బాగున్నదీ బాగా లేనిదీ, రెండూ చెప్తాను.

ముందు ఇది ఎక్కడ కూర్చుంటుందో చెప్పాలి. డీజిల్ జనరేటర్ ఫ్లైవీల్ చుట్టూ రింగ్ గేర్ ఉంటుంది కదా, దానికెదురుగా హౌసింగ్‌లో స్క్రూలా తిప్పి బిగించే మాగ్నెటిక్ పికప్ ఒకటి ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ తీగ చుట్ట, అంతే. రింగ్ గేర్ పళ్ళు ఒక్కొక్కటీ దాని ముందు నుంచి దాటుతుంటే చుట్టలో ఏసీ వోల్టేజీ పుడుతుంది. నేను ఎక్కువగా పని చేసే ఇంజనుకు 110 పళ్ళు. 1500 ఆర్పీఎం దగ్గర సెకనుకు 2750 పల్సులు వస్తాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజను 180 ఆర్పీఎం తిరుగుతుందనుకుంటే 330 పల్సులు. ప్యానెల్‌లోని చిన్న కంప్యూటర్ చిప్, అంటే మైక్రోకంట్రోలర్, వాటిని లెక్కపెట్టి స్పీడు తెలుసుకుంటుంది. 450 ఆర్పీఎం దాటితే ఇంజను అందుకుందని అర్థం, సెల్ఫ్ కట్ చేస్తుంది.

చిక్కంతా ఈ పికప్ స్వభావంలో ఉంది. స్పీడు పెరిగేకొద్దీ దీని వోల్టేజీ పెరుగుతుంది. ఫుల్ స్పీడులో శిఖరం నుంచి లోయ దాకా ఇరవై ముప్ఫై వోల్టులు ఇచ్చేది సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒకటి, ఒకటిన్నర వోల్టు ఇస్తుంది. అంటే గొంతు బలహీనంగా ఉన్న సమయంలోనే చుట్టూ రొద అన్నింటికన్నా ఎక్కువ. సెల్ఫ్ మోటారు బ్రష్షులు నిప్పురవ్వలు కొడుతుంటాయి, సెల్ఫ్‌కు కరెంటు కలిపే సాలినాయిడ్ లాగుతుంది, బ్యాటరీ వోల్టేజీ కుంగుతుంది, వందల ఆంపియర్లు నెగిటివ్ కేబుల్లో పరిగెత్తుతాయి. మైక్రో తప్పు వినకూడని సమయం కూడా సరిగ్గా అదే.

నా పాత సర్క్యూట్ అందరూ వేసేదే. పికప్ నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, రెండు 1ఎన్4148 డయోడ్లు, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, అక్కడి నుంచి నా మైక్రోకంట్రోలర్ ఏటీమెగా328పీ పిన్నుకు. బల్ల మీద బాగానే పనిచేసింది. బిగించిన రోజు చెరువు గట్టు మీద కూడా ఇరవై సార్లు స్టార్ట్ చేసి చూపించాను. ఒక్కసారి తప్పలేదు. ఆరు నెలలు గడిచాయి.

ఒక రాత్రి కాపలా కుర్రాడి దగ్గర నుంచి ఫోను. "అన్నా, జనరేటర్ ఉఁ అని ఆగిపోతంది, ఉఁ అని ఆగిపోతంది. పట్టుకోట్లేదు." మూడు ప్రయత్నాలు చేసి ప్యానెల్ స్టార్ట్ ఫెయిల్ అని తాళం వేసుకుని కూర్చుంది. కుర్రాడికి మాన్యువల్ తాళం తిప్పడం నేర్పి ఉన్నాను కాబట్టి ఫోనులో చెప్తుంటే తిప్పాడు, ఇంజను అందుకుంది. అప్పటికే ముప్పావుగంట గడిచింది. నేను బండేసుకుని వెళ్ళేసరికి ఒక చెరువులో రొయ్యలు అంచులకొచ్చి తేలుతున్నాయి. చెరువు యజమాని రాజుగారు గట్టు మీద టార్చి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ రాత్రి ఎన్ని కిలోలు పోయాయో ఆయన నాతో అనలేదు, నేను అడగలేకపోయాను. "కారణం తెలుసుకో అబ్బాయ్, మళ్ళీ ఇలా అవ్వకూడదు," అన్నారంతే.

తెల్లారాక సిగ్నల్ అలలను తెర మీద చూపించే చిన్న ఓసిలోస్కోప్ తగిలించి సెల్ఫ్ కొట్టించాను. ఇంజను తిరుగుతున్నది 180, ప్యానెల్ మీద అంకె 700, 850, ఒకసారి 900. ఇంజను అందుకుందనుకుని ప్యానెల్ సెకను తిరక్కుండానే సెల్ఫ్ వదిలేస్తోంది. మైక్రో తప్పు లెక్కపెట్టలేదు. వచ్చిన పల్సులన్నీ లెక్కపెట్టింది. వాటిలో సగానికి పైగా పళ్ళవి కావు.

అవి ఎక్కడివో తెలిశాక నాకు నిజంగా బాధేసింది. పికప్ రెండో తీగను ప్యానెల్ దాకా తేకుండా పక్కనున్న బోల్టుకే ఎర్తు చేశాను. అలా వేయడం మా పనిలో మామూలే. కానీ ప్యానెల్ నెగిటివ్ వెళ్ళేది బ్యాటరీ నెగిటివ్ టెర్మినల్‌కు. ఈ రెండు ఎర్తుల మధ్య బ్యాటరీ నెగిటివ్ కేబులు ఉంది. సెల్ఫ్ మోటారు 250 ఆంపియర్లు లాగుతోంది, కేబులూ దాని కొసలకుండే లగ్గులూ కలిపి 3 మిల్లీ ఓమ్‌లు ఉన్నాయి అనుకోండి, 0.75 వోల్టు పడుతుంది. అంటే సెల్ఫ్ కొట్టినంత సేపూ ఇంజను బాడీ ప్యానెల్ ఎర్తు కన్నా ముప్పావు వోల్టు పైన తేలుతుంది. బీసీ547 తెరుచుకునేది సుమారు 0.6 దగ్గర. ట్రాన్సిస్టర్ గుమ్మం మీద నిలబడి ఉంది, బ్రష్షుల నుంచి వచ్చే ప్రతి చిన్న అలకూ లోపలికీ బయటికీ ఊగుతోంది. పికప్ ఇచ్చే అసలు సిగ్నల్ శిఖరం కూడా ముప్పావు వోల్టే.

మరి ఆరు నెలలు ఎందుకు పనిచేసింది? లగ్గు విప్పి చూస్తే పచ్చగా చిలుము. చెరువుల మీద ఉప్పు గాలికి రాగి లగ్గు ఎన్నాళ్ళో తెల్లగా ఉండదు. బిగించిన రోజు ఒక మిల్లీ ఓమ్ ఉన్నది క్రమంగా మూడుకో నాలుగుకో చేరింది. ఇన్‌స్టలేషన్ రోజు పరీక్షలో నెగ్గడం వేరు, ఉప్పు గాలిలో సంవత్సరం నిలవడం వేరు అని నాకు అక్కడ అర్థమైంది. లగ్గు మార్చి, వాజలైన్ రాసి, ఆ రోజుకు గండం గట్టెక్కించాను. కానీ మళ్ళీ చిలుము పట్టినా తట్టుకునే సర్క్యూట్ కావాలి కదా.

అలా వెతుకుతుంటే ఎల్ఎం1815 దొరికింది. నేషనల్ సెమీకండక్టర్ వాళ్ళు సరిగ్గా ఇలాంటి పికప్‌ల కోసమే చేసిన పాత చిప్. ఆ కంపెనీని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2011లో కొన్నది, ఇప్పుడు ఆ పేరుతో వస్తోంది. 2 నుంచి 12 వోల్టుల సప్లై మీద నడుస్తుంది. సరైన రెసిస్టర్ పెడితే శిఖరం నుంచి లోయకు 100 మిల్లీవోల్టుల సిగ్నల్ నుంచి 120 వోల్టుల దాకా తీసుకుంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పటి ఒక వోల్టూ ఫుల్ స్పీడులో ముప్ఫై వోల్టులూ రెండూ దీనికి సమానమే.

దీని తెలివి రెండు విషయాల్లో ఉంది. మొదటిది, ఇది సిగ్నల్ శిఖరం ఎంత ఎత్తుందో ఒక కెపాసిటర్‌లో గుర్తు పెట్టుకుంటుంది. ఆ ఎత్తులో 80 శాతం దాటిన అలనే పన్నుగా ఒప్పుకుంటుంది. సిగ్నల్ పెద్దదైతే గడపా పెరుగుతుంది, చిన్నదైతే తగ్గుతుంది. నా పాత ట్రాన్సిస్టర్‌కు 0.6 వోల్టు గడప ఒక్కటే. ముప్ఫై వోల్టుల సిగ్నల్ వచ్చినప్పుడు కూడా దాని గడప 0.6 దగ్గరే ఉండేది, లోడును కలిపే పెద్ద స్విచ్చు, అదే కాంటాక్టర్, వదిలిన ప్రతి చిటుకూ లోపలికి వచ్చేది. రెండోది, గడప దాటగానే ఇది పల్సు ఇవ్వదు. సిద్ధమై కూర్చుంటుంది. అల పడుతూ సరిగ్గా సున్నా దాటినప్పుడు ఒక్క పల్సు ఇచ్చి మళ్ళీ నిద్రపోతుంది. ఇంకో అల 80 శాతం ఎత్తుకు ఎక్కేదాకా సున్నా దగ్గర ఎంత గీరినా పలకదు. పికప్ అల సున్నాను వేగంగా కోసేది కూడా పన్ను మధ్యలోనే, కాబట్టి పంటి స్థానం కూడా కచ్చితంగా తెలుస్తుంది.

నా బోర్డులో ఇలా వేశాను. ఇన్‌పుట్ పిన్నులోకి 3 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు పోకూడదు. 60 వోల్టుల శిఖరం వచ్చినా ఆగాలంటే 20 కిలో ఓమ్‌లు కావాలి, నేను 22 పెట్టాను. దాని తర్వాత చిప్ పిన్ను దగ్గరే ఒక నానోఫారడ్ కెపాసిటర్ ఎర్తుకు. ఈ రెండూ కలిసి 7 కిలోహెర్ట్‌జ్‌ల పైనున్న చిటపటను తగ్గిస్తాయి, నాకు కావలసిన 2750 హెర్ట్‌జ్‌ను పెద్దగా ముట్టుకోవు. పల్సు వెడల్పుకు 150 కిలో ఓమ్‌లు, ఒక నానోఫారడ్. అది సుమారు 100 మైక్రోసెకన్లు ఇస్తుంది. ఫుల్ స్పీడులో పంటికీ పంటికీ మధ్య 364 మైక్రోసెకన్లు ఉంటాయి కాబట్టి సరిపోతుంది. మీ ఇంజనుకు పళ్ళు ఎక్కువైతే ఇది మళ్ళీ లెక్కేసుకోండి.

ఇక దీని లోపం. ఈ చిప్ ఇన్‌పుట్ ఎర్తుకు కట్టుబడి ఉంటుంది. రెండు తీగల మధ్య తేడాను చూసే చిప్ కాదు. నా పాత వైరింగ్‌కే దీన్ని తగిలించి ఉంటే ఆ ముప్పావు వోల్టు దీన్నీ ఊపేది. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. చిప్ మార్చాం కదా అని తీగలు అలాగే వదిలేస్తున్నారు. పికప్ చుట్ట రెండు కొసలూ బాడీకి తగలకుండా విడిగా ఉన్నాయేమో ముందు మీటరుతో చూసుకోవాలి. ఉంటే రెండు తీగలనూ మెలిపెట్టిన, పైన లోహపు తొడుగున్న షీల్డ్ కేబుల్లో ప్యానెల్ దాకా తెచ్చి, రెండోదాన్ని చిప్ ఎర్తు పిన్ను పక్కనే కలపాలి. ఇంజను దగ్గర ఎక్కడా ఎర్తు కలవకూడదు. షీల్డును కూడా ప్యానెల్ వైపే కట్టాలి. ఇంజను వైపు కొస కత్తిరించి హీట్ ష్రింక్ తొడిగెయ్యాలి. రెండు వైపులా కడితే ఆ షీల్డే సెల్ఫ్ కరెంటుకు పక్కదారి అవుతుంది.

ఈ తీగ మార్పుతోనే, పాత బీసీ547 అలాగే ఉంచి, ఒకసారి పరీక్షించాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు 900 చూపించే అంకె 240కి దిగింది. అసలు స్పీడు 180. అంటే జబ్బులో పెద్ద భాగం తీగలోనే ఉంది. చిప్ పెట్టాక ఆ మిగిలిన తేడా పోయి 176, 181, 183 అని నిలకడగా వచ్చింది. కాంప్రెషన్ స్ట్రోక్ దగ్గర ఇంజను బిగుసుకుని మళ్ళీ వదులవడం కూడా అంకెల్లో కనబడింది. ఆ రోజు ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను.

ఇంకో చిన్న గుణం కూడా గమనించండి. సాలినాయిడ్ లాగినప్పుడు పెద్ద చిటుకు ఒకటి లోపలికి వచ్చిందనుకోండి. చిప్ దాన్నే శిఖరంగా గుర్తు పెట్టుకుని గడప పైకి ఎత్తేస్తుంది. ఆ కెపాసిటర్ దిగేదాకా నిజమైన పళ్ళు కనబడవు. నేను 0.33 మైక్రోఫారడ్, ఒక మెగా ఓమ్ వాడాను కాబట్టి సెకనులో మూడో వంతు అటూ ఇటూ ఆర్పీఎం తక్కువ చూపిస్తుంది. నాకిది మంచిదే. తక్కువ చూపిస్తే సెల్ఫ్ ఇంకో క్షణం తిరుగుతుంది, ఇంజను అందుకుంటుంది. ఎక్కువ చూపిస్తేనే రైతుకు నష్టం. కానీ ఇదే చిప్‌తో ఇగ్నిషన్ టైమింగ్ నడిపేవాళ్ళకు ఒక్క పన్ను పోయినా ప్రమాదం, వాళ్ళు ఈ కెపాసిటర్ విలువ జాగ్రత్తగా ఎంచుకోవాలి.

దీనికి పోటీ మాక్సిమ్ వాళ్ళ మాక్స్9926. రెండు చానళ్ళు, రెండు తీగల మధ్య తేడాను చూస్తుంది, గడప శిఖరంలో మూడో వంతు. 85 మిల్లీసెకన్లు సిగ్నల్ లేకపోతే గడపను మళ్ళీ కిందికి దించుకుంటుంది. తేడా చూసే గుణం వల్ల ఎర్తు గొడవలు దీనికి తక్కువ. కొత్త డిజైను మొదలుపెట్టేవాళ్ళు, బోర్డు బయట అసెంబ్లీ చేయించుకునేవాళ్ళు, ఇంజను క్రాంక్ షాఫ్టుకూ కామ్ షాఫ్టుకూ రెండు సెన్సర్లు ఉన్నవాళ్ళు దాని వైపే వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. నేను ఎందుకు వెళ్ళలేదంటే దాని కాళ్ళ మధ్య దూరం 0.635 మిల్లీమీటర్లు. ఎల్ఎం1815లో బోర్డు ఉపరితలం మీదే అతికే ఎస్ఎండీ రకానికి 1.27. చెరువు గట్టు మీద, బండి సీటు మీద బోర్డు పెట్టుకుని, ఫోను టార్చి వెలుతుర్లో నేను మార్చగలిగేది రెండోదే.

ఇప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పాలనుంది. "సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ పెట్టేస్తే సరిపోదా?" అని కుర్రాళ్ళు అడుగుతారు. ఏటీమెగా328పీ ఇన్‌పుట్ క్యాప్చర్ పిన్నుకు నాయిస్ క్యాన్సలర్ ఉంది, నేనూ దాన్ని నమ్ముకున్నవాణ్ణే. అది వరసగా నాలుగు శాంపిళ్ళు ఒకేలా ఉన్నాయేమో చూస్తుంది. 16 మెగాహెర్ట్‌జ్ దగ్గర నాలుగు శాంపిళ్ళంటే 250 నానోసెకన్లు. సెల్ఫ్ మోటారు రొద మైక్రోసెకన్లలో, మిల్లీసెకన్లలో ఉంటుంది. ఆ జల్లెడలో ఆ రాళ్ళు ఆగవు. ఎనిమిది పల్సుల మధ్యస్థం తీసుకోవడం, ఒక్క పంటిలో స్పీడు రెట్టింపవడం అసాధ్యం కాబట్టి అలాంటి పల్సును పక్కన పెట్టడం, ఇవన్నీ నేనూ చేస్తాను. కానీ సగం పల్సులు దొంగవైనప్పుడు మధ్యస్థం కూడా దొంగదే అవుతుంది. రొదను మైక్రో గుమ్మం దాకా రానివ్వకూడదు, గేటు దగ్గరే ఆపాలి.

రెండు వైపులనూ తీగతో కలపకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే ఆప్టో కప్లర్ మీద ఉన్న నమ్మకం గురించి కూడా చెప్పాలి. మార్కెట్లో దొరికే చిన్న ఆప్టో మాడ్యూళ్ళు కొన్నింటిలో రెండు వైపుల ఎర్తులూ బోర్డు మీదే కలిపేసి ఉంటాయి, లేదా మనమే ఒకే సప్లై నుంచి రెండు వైపులా ఇస్తాం. అప్పుడు లోపలున్న వెలుతురు గోడకు అర్థం లేదు, రొద పక్కనుంచి నడిచి వస్తుంది. డిజిటల్ ఇన్‌పుట్లకు, అంటే ఆయిల్ ప్రెషర్ స్విచ్చు లాంటి వాటికి, నేను హెచ్11ఎల్1 అనే ఆప్టో వాడతాను. దాని అవుట్‌పుట్‌లోనే ష్మిట్ ట్రిగ్గర్ ఉంటుంది, మామూలు ఆప్టో పీసీ817లా మెల్లగా ఒరగకుండా టక్కున మారుతుంది. ఈ స్విచ్చులకు ఎర్తు ఇంజను బాడీయే, తప్పించలేం. అందుకే అక్కడ ఆప్టోకు నిజంగా పని ఉంది.

సప్లై వైపు వదిలేసి సిగ్నల్ ఒక్కటే బాగు చేస్తే సగం పనే. నా బోర్డులోకి వచ్చే 12 వోల్టులకు ముందు ఫ్యూజు, తర్వాత ఉల్టా తగిలించినా కాపాడే డయోడు, సర్జును మింగే టీవీఎస్ డయోడు, 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆ తర్వాత ఎల్ఎం2940 రెగ్యులేటర్. ఆ పెద్ద కెపాసిటర్ సెల్ఫ్ తగిలిన మొదటి క్షణం కోసం. అప్పుడు బ్యాటరీ ఆరు వోల్టుల దాకా కుంగుతుంది. నా బోర్డు 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 30 మిల్లీసెకన్ల పాటు బయట నుంచి ఏమీ రాకపోయినా ఆ కెపాసిటర్‌లో తగ్గేది 0.7 వోల్టు మాత్రమే. మామూలు 7805 రెగ్యులేటర్‌కి పైన రెండు వోల్టులు అదనంగా కావాలి, ఎల్ఎం2940కి అర వోల్టు చాలు, పైగా 60 వోల్టుల సర్జును తట్టుకునేలా బళ్ళ కోసమే చేసిన రెగ్యులేటర్ అది. దీని అవుట్‌పుట్‌లో 22 మైక్రోఫారడ్‌కు తక్కువ కాకుండా కెపాసిటర్ పెట్టడం మరిచిపోవద్దు, లేకపోతే అదే ఊగుతుంది. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ లగ్గు ఊడితే ఆల్టర్నేటర్ నుంచి 80 వోల్టుల పైన కూడా రావచ్చు. చిలుము పట్టిన లగ్గుల ఊళ్ళో అది అరుదైన విషయం కాదు, టీవీఎస్ అందుకే.

రీసెట్ పిన్ను సంగతి కూడా ఇక్కడే. ఏటీమెగా లోపల ఆ పిన్నును పైకి పట్టి ఉంచే పుల్ అప్ రెసిస్టర్ 30 నుంచి 60 కిలో ఓమ్‌లు, చాలా బలహీనం. బయట 10 కిలో ఓమ్‌లు పెట్టి, పిన్ను పక్కనే 0.1 మైక్రోఫారడ్ పెట్టాక కాంటాక్టర్ పడినప్పుడు బోర్డు తిరిగి మొదలవడం ఆగింది. కాంటాక్టర్ 230 వోల్టుల కాయిల్ మీద 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్ వరసగా వేశాను. డీసీ రిలేలకూ స్టాప్ సాలినాయిడ్‌కూ ఒక్కో 1ఎన్4007. ఇది రూపాయిల పని. దీన్ని మానేసిన ప్యానెళ్ళు ఎన్నో విప్పాను, విప్పిన ప్రతిసారీ కోపం వస్తుంది. పికప్ తీగను కాంటాక్టర్ తీగలున్న డక్టులోంచి తీసెయ్యండి. జానెడు దూరం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

పెట్రోలు ఇంజన్ల కథ వేరు. మా మేనల్లుడు కాలేజీలో బైకు ఇంజనుతో గో కార్ట్ చేశాడు. ఆర్పీఎం మీటరు తెర పది సెకన్లకొకసారి గడ్డకట్టేది. "మామయ్యా, నీ చిప్ ఒకటివ్వు," అని వచ్చాడు. చిప్ ఇవ్వకుండా ముందు ప్లగ్గు చూశాను. కోడులో ఆర్ అక్షరం లేదు. ఎన్‌జీకే ప్లగ్గుల్లో బీపీఆర్6ఈఎస్ అంటే లోపల 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉన్నట్టు, బీపీ6ఈఎస్ అంటే లేనట్టు. వాడి ఇంజనుకు సరిపోయే ఆర్ రకం వేయించాను, తెరకు వెళ్ళే తీగలను బెత్తెడు పొడవుకు తగ్గించాం. గడ్డకట్టడం ఆగింది. స్పార్కు రొద తీగలోంచే కాదు, గాలిలోంచి కూడా వస్తుంది. దాన్ని పుట్టిన చోటే తగ్గించడం తేలిక. ఎల్ఎం1815 అక్కడ అవసరమే పడలేదు.

కొనుగోలు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. మొదటిసారి ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తక్కువకొస్తున్నాయని ఐదు తెప్పించాను. రెండు పనిచేశాయి, మూడింటిలో శిఖరం గుర్తు పెట్టుకునే పనే జరగలేదు. పై రాత గోరుతో గీకితే పోయింది. ఇప్పుడు విడిభాగాల అధీకృత పంపిణీదారు దగ్గరే బిల్లుతో కొంటున్నాను. ఒక్కోటి మూడొందల యాభై దాటింది, షిప్పింగ్ వేరే. నాలుగు రూపాయల ట్రాన్సిస్టర్ స్థానంలో ఇది ఎక్కువేనని తెలుసు. కానీ నేను ప్యానెల్‌కు తీసుకునే డబ్బులో అది లెక్కలోకి రాదు. వచ్చిన ప్రతి చిప్‌నూ బిగించే ముందు సిగ్నల్ జనరేటర్ మీద రెండు పరీక్షలు చేస్తాను. శిఖరం నుంచి లోయకు 200 మిల్లీవోల్టులు, 300 హెర్ట్‌జ్ ఇచ్చి పల్సులు సరిగ్గా వస్తున్నాయా అని ఒకటి. 20 వోల్టుల అల మీద రెండు వోల్టుల చిన్న అల కలిపి ఇచ్చినా అదనపు పల్సు రాకుండా ఉందా అని ఇంకొకటి. రెండోదాంట్లో నెగ్గనిది బోర్డు ఎక్కదు.

పదకొండు ప్యానెళ్ళలో రెండింటికి ఈ రెండేళ్ళలో మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఒకచోట ఎలుక షీల్డ్ కేబుల్ కొరికింది. ఇంకోచోట ఎవరో సర్వీసు మెకానిక్ పికప్ విప్పి తిరిగి బిగిస్తూ గ్యాపు ఎక్కువ వదిలాడు. సెల్ఫ్ స్పీడులో సిగ్నల్ చిప్‌కు అందనంత చిన్నదైపోయి ఆర్పీఎం సున్నా చూపించింది. పికప్‌ను పంటికి తగిలేదాకా మెల్లగా చేత్తో తిప్పి, అక్కడి నుంచి అర చుట్టు వెనక్కి తియ్యాలి. ఎం16 మర, 1.5 పిచ్ అయితే అది 0.75 మిల్లీమీటర్లు. తిప్పే ముందు కొన పంటి ఎదురుగా ఉందో, పళ్ళ మధ్య సందులో ఉందో హౌసింగ్ రంధ్రంలోంచి చూసుకోవాలి. సందులో దింపి బిగిస్తే మొదటి సెల్ఫ్‌కే కొన విరుగుతుంది.

రాజుగారి చెరువు మీది ప్యానెల్ ఇప్పటికీ మొదటి చిప్‌తోనే నడుస్తోంది. మొన్న పట్టుబడికి ముందు వెళ్ళి చూశాను. నెగిటివ్ లగ్గు మళ్ళీ పచ్చబడింది. దాన్ని శుభ్రం చేయక ముందే ఒకసారి సెల్ఫ్ కొట్టించి తెర చూశాను. 178. ఆ తర్వాత లగ్గు విప్పి గీకి వాజలైన్ రాశాను. పరీక్ష నెగ్గిన రెండు చిప్‌లు కవర్లో పెట్టి, ప్యానెల్ తలుపు లోపలి వైపు టేపు వేసి అంటించి వచ్చాను.